ప్రయోగమును, ఉపసంహారమును

కంప్యూటరు గది గోడమీద 'సెట్టింగులను ముట్టరాదు' అని పెద్ద అక్షరములతో వ్రాసి అంటించుట పాఠశాలలలో పరిపాటియైనది. అంటించిన వారి యుద్దేశము మంచిదే. యంత్రము విలువైనది. చెడిన పిమ్మట బాగుచేయు మనిషి సిరుగుప్పనుండియో బళ్లారినుండియో రావలయును. అంతవరకు పాఠము నిలిచిపోవును. అయినను ఆ వాక్యము మాకు సమ్మతము కాదు. ముట్టరాదనుట విద్య నేర్పుట కాదు, విద్యను వాయిదా వేయుట. ముట్టినదానిని మునుపటి స్థితికి తెచ్చు మార్గమును ముందుగా నేర్పి, ఆ పైని పిల్లలను ముట్టుమనుటయే యుచితమని మా యభిప్రాయము.

తెలుగు పంతులకు నెట్‌వర్కుతో పని యేమని కొందరు నవ్వవచ్చును. చిన్న పాఠశాలలలో పనుల విభజన పట్టణములలో వలె నుండదు. ఛందస్సు చెప్పువారే హాజరుపట్టికను కంప్యూటరున కెక్కింతురు. సమాసములు చెప్పువారే విద్యార్థివేతనముల దరఖాస్తులను పంపుదురు. కావున నెట్‌వర్కు నిలిచిన దినమున మొదట చేతులు నలుపుకొనువారు మావంటి వారే.

అభిమన్యుని పద్మవ్యూహము పిల్లలందరు ఎరిగినదే. కాని యిచ్చట దానికంటె సౌప్తికపర్వమునందలి కథ తగియున్నది. అశ్వత్థామ గడ్డిపరకను మంత్రించి బ్రహ్మశిరమను అస్త్రమును విడిచెను. ప్రతిగా అర్జునుడును అదే యస్త్రమును విడిచెను. లోకము దగ్ధమగునని నారదుడును వ్యాసుడును నడుమ నిలిచి వారింపగా అర్జునుడు తన యస్త్రమును మరల్చుకొనెను. అశ్వత్థామకు మరల్చుట చేతకాలేదు. ఇద్దరును ద్రోణుని శిష్యులే. ఇద్దరికిని ప్రయోగము తెలియును. భేదమంతయు ఉపసంహారమునందే. కంప్యూటరు నిపుణులు 'రోల్ బ్యాక్' అని పిలుచు పనికి ఈ ఉపసంహారమను మాట చక్కగా సరిపోవునని మాకు తోచుచున్నది. క్రొత్తమాటను కల్పింపనక్కరలేదు. భారతకథ విన్న పిల్లవానికి అది వెంటనే అర్థమగును.

ఇంతకు ఆ సెట్టింగులనగా నేమి? ఒక కంప్యూటరు ఇతర కంప్యూటర్లతో మాటలాడుటకు ముఖ్యముగా నాలుగు సంఖ్యలు కావలయును. ఐ.పి. చిరునామా ఇంటినంబరు వంటిది. సబ్‌నెట్ మాస్కు మన వీధి ఎంతవరకో తెలుపు హద్దు. గేట్‌వే అనునది ఊరివాకిలి. దానిని దాటినగాని బయటి లోకము లేదు. డి.ఎన్.ఎస్. అనునది పేరు చెప్పగా నంబరు తెలుపు గుమాస్తా. మనము అక్షరములతో వ్రాసిన పేరునకు సరియైన సంఖ్యను అతడు వెదకి యిచ్చును. సాధారణముగా ఈ నాలుగింటిని రూటరు తానే పంచిపెట్టును. కొన్ని గదులలో ప్రింటరు కొరకో మరియొక కారణముచేతనో వీనిని చేతితో వ్రాసి స్థిరపరతురు. అట్లు వ్రాసినచోట గేట్‌వే 192.168.1.1 అని యుండవలసినది 192.168.0.1 అని మారినచో, ఒక్క అంకె తేడాతో వాకిలి లేని ఊరగును. యంత్రము చెడలేదు, తీగ తెగలేదు. అయినను బయటినుండి ఏమియు రాదు.

మేము ఎరిగిన యొక సేవాకేంద్రమున జరిగిన సంగతి చెప్పుదుము. అచ్చట నెట్టు మెల్లగా వచ్చుచున్నదని ఎవరో వచ్చి, ఆ సంఖ్యలలో రెండు మూడింటిని మార్చి, 'ఇక పరుగెత్తును' అని చెప్పిపోయిరి. మరునాటి యుదయమునకు ఏమియు రాలేదు. అది దరఖాస్తులకు తుదిదినము. వాకిట తల్లిదండ్రులు ఆధారు కాగితములు, ఆదాయపు పత్రములు పట్టుకొని నిలిచియున్నారు. మార్చిపోయిన వానికి ఫోను చేయగా అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే: 'ముందు ఏముండెను?' అందుకు బదులు చెప్పగలవారు ఆ గదిలో ఒక్కరును లేరు. అడిగిన వానికే తెలియదు! సాయంకాలమునకు ఎట్లో సరిపడినది గాని, కూలి పోగొట్టుకొని వచ్చినవారు కొందరు అప్పటికే తిరిగిపోయిరి.

ఉపసంహారమంతయు ఆ ప్రశ్నకు సమాధానమే. ముందు ఏముండెనో తెలిసినవానికి మరలుట రెండు నిమిషముల పని. తెలియనివాడు ఎంతటి నిపుణుడైనను చీకటిలో తడుముకొనవలసినదే.

కొందరు పిల్లలు దీనికి ఒక సులభోపాయము చెప్పుదురు. రూటరు వెనుక పిన్ను పట్టునంత రంధ్రము కలదు. అందు పిన్ను గ్రుచ్చి కొంతసేపు నొక్కిన చాలునట. విండోసునందు 'నెట్‌వర్క్ రీసెట్' అను మీటయు అట్టిదే. వీనిని ఉపసంహారమని భ్రమింపరాదు. ఇది నిన్నటికి మరలుట కాదు, పుట్టిననాటికి మరలుట. రూటరు కర్మాగారమునుండి వచ్చిన నాటి స్థితికి పోవును. కనెక్షను ఇచ్చిన కంపెనీ వారు వ్రాసిన పేరు, రహస్యపదము, మనము పెట్టుకొన్న వైఫై పేరు, సమస్తము చెరిగిపోవును. తలనొప్పికి తలను తీసివేసినట్లు. విండోసునందలి 'సిస్టమ్ రిస్టోర్' దీనికంటె మేలు. ముందుగా ఒక గుర్తును నిలిపియుంచినచో ఆ నాటి స్థితికి యంత్రమును తెచ్చుటకు ప్రయత్నించును. కాని పెక్కు యంత్రములలో ఆ యేర్పాటు ఆపివేయబడియే యుండును. అవసరము పడిన దినమున తెరచి చూచినచో, నిలిపిన గుర్తులే లేవని చెప్పును. గుర్తును ముందే నిలుపవలసినది మనము.

ఇదంతయు పల్లెటూళ్లలోని తెలియనితనమని ఎవరైన తలచినచో అది సరికాదు. 2021 అక్టోబరు 4వ తేది రాత్రి సుమారు 9 గంటలకు మన ఊళ్లలో కూడ వాట్సాపు నిలిచిపోయిన సంగతి చాలమందికి జ్ఞాపకముండును. తమ ఫోనే చెడినదని దానిని ఆర్పి వెలిగించినవారు ఎందరో! నిలిచినది మన ఫోను కాదు. ఫేస్‌బుక్ సంస్థవారు తమ కేంద్రములను కలుపు ముఖ్యమార్గముల సామర్థ్యమును కొలుచుటకై నిత్యకృత్యముగా ఒక ఆజ్ఞ నిచ్చిరి. ఆ యాజ్ఞ ఆ మార్గములన్నిటిని ఒక్కసారిగా త్రెంచివేసెను. ఇట్టి ఆజ్ఞలను పరీక్షించి యడ్డగించుటకై ఒక సాధనముండెను గాని, దానియందే లోపముండుటచే అది అడ్డగింపలేదు. ముఖ్యమార్గములు పోగానే ఆ సంస్థ డి.ఎన్.ఎస్. యంత్రములు తమ దారులను తామే లోకమునుండి ఉపసంహరించుకొనెను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ అను పేర్లకు నంబరు చెప్పు గుమాస్తాయే లేకపోయెను.

ఇక మరల్చుట ఎట్లు? దూరమునుండి సరిచేయుదమన్న, సరిచేయుటకు పోవలసిన దారియు ఆ తెగిన మార్గమే. నిపుణులు స్వయముగా ఆ భవనములకు పోవలసివచ్చెను. ఆ భవనములు పరులు ప్రవేశింపకుండ గట్టి కట్టుదిట్టములతో నిర్మింపబడినవి. ఆ కట్టుదిట్టములే ఆ రాత్రి స్వజనమునకు అడ్డయ్యెను. సేవలు తిరిగి వచ్చుసరికి సుమారు 6 గంటలు పట్టెను. చేద త్రాడుతో సహా బావిలో పడినది. చేదను తీయు గాలము కూడ ఆ బావిలోనే యుండెనన్నమాట.

మరుసటి యేడు, 2022 జూలై 8వ తేదిన, కెనడా దేశమున రోజర్స్ అను పెద్ద టెలిఫోను కంపెనీకి ఇంతకంటె కఠినమైన అనుభవము కలిగినది. మన తెలుగువారు చాలమంది టొరాంటో ప్రాంతమున నివసించుచున్నారు. వారి బంధువులకు ఆ దినము గుర్తుండును. కంపెనీవారు తమ నెట్‌వర్కును 7 దశలలో క్రొత్తగా సవరించుచుండిరి. మొదటి 5 దశలు సజావుగా జరిగినవి. అందుచేత తరువాతి దశలకు అపాయము తక్కువయని లెక్కించిరి. 6వ దశలో ఒక యంత్రమునందు దారుల వరదను అరికట్టు జల్లెడ వంటి నియమమును తొలగించిరి. తొలగింపగానే లెక్కకు మించిన దారుల సమాచారము పొంగి కేంద్రమునందలి యంత్రములను ముంచివేసెను. 1 కోటి 20 లక్షలకు పైబడిన ఖాతాదారులకు ఫోనులు, ఇంటర్నెట్టు పోయినవి. దుకాణములలో కార్డులు పనిచేయలేదు. ఆపదలో పిలుచు నంబరునకు కూడ కొందరి పిలుపు అందలేదు. ఇచ్చటను సరిచేయు దారియు చెడిన దారియు ఒకటియే. ఆ కంపెనీ యుద్యోగుల చేతులలోని ఫోనులు కూడ ఆ కంపెనీవే యగుటచే ఒకరితో నొకరు మాటలాడుటయే కష్టమయ్యెను.

ఈ రెండు కథలలోను మాకు ముఖ్యముగా కనబడునది మార్పు చేసినవారి తొందరపాటు కాదు. మార్పులు చేయకతప్పదు. అయిదు మార్లు బాగుగా జరిగినది కాబట్టి ఆరవమారు మరలుబాటు చూడనక్కరలేదనుకొనుట, మరలి వచ్చు దారిని పోయిన దారితోనే ముడివేయుట, ఈ రెండే వారిని కట్టిపడవేసినవి.

మన కండ్లయెదుట జరిగినదానిని చూడుడు. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయెను. మన పొలములకు రావలసిన నీరు నదిలోనికి పోవుచుండగా ఈ ప్రాంతపు రైతులు ఎంత కలవరపడిరో వ్రాయనక్కరలేదు. గేటు పోయినపుడు దాని ముందర దించి నీటిని ఆపు పలకలు చాల ఆనకట్టలలో సిద్ధముగా నుండును. ఇచ్చట అవి సిద్ధముగా లేవు. అప్పటికప్పుడు తయారు చేయింపవలసివచ్చెను. కన్నయ్యనాయుడుగారి వంటి అనుభవజ్ఞుని ఆధ్వర్యమున, ప్రవహించు నీటిలోనే ఆ పలకలను ఒకదానిపై నొకటి దించి వారము రోజులలో ప్రవాహము నాపిరి. అది గొప్ప పని. అయినను పలకలు ముందే గట్టుమీద నుండియున్నచో ఎన్ని దినముల నీరు మిగిలెడిదో రైతుబిడ్డలకు మేము చెప్పనక్కరలేదు.

నెట్‌వర్కు యంత్రములను చేయువారు ఈ పాఠమును చాలకాలము క్రిందటనే గ్రహించిరి. జునిపర్ కంపెనీ రూటర్లలో ఒక చక్కని యేర్పాటు కలదు. మార్పు చేయుచు 'ఇది తాత్కాలికము' అని చెప్పవచ్చును. 10 నిమిషములలోపల మనము తిరిగి వచ్చి 'సరియే' అని ధ్రువపరచనిచో యంత్రము తనంతట తానే పాతస్థితికి పోవును. మన మార్పువలన మనకే దారి మూసుకొనిపోయినదనుకొనుడు. ధ్రువపరచుటకు మనము రాలేము. రాలేకపోవుటయే దానికి గుర్తు! అంతియే కాదు, ఆ యంత్రము గడచిన స్థితులను 49 వరకు వరుసగా జ్ఞాపకముంచుకొనును. ఉబుంటు లినక్సునందు 'నెట్‌ప్లాన్ ట్రై' అను ఆజ్ఞయు ఇట్టిదే; దాని గడువు 120 సెకనులు. విండోసు వాడు పిల్లలు తెర కొలతను మార్చినపుడు 'ఈ మార్పును ఉంచవలయునా?' అని యంత్రమడిగి, 15 సెకనులు చూచి, బదులు రానిచో పాతదానినే నిలుపుట ఎరిగియే యుందురు. తెర నల్లబడిన వాడు మీటను ఎట్లు నొక్కును? అతడు నొక్కలేడని తెలిసినవాడే ఆ యేర్పాటు చేసినాడు. ఈ చిన్న ఆలోచన మాకు మిక్కిలి నచ్చినది.

కాని గదులలోని సామాన్యపు విండోసు యంత్రములకు నెట్‌వర్కు సంఖ్యల విషయమున అట్టి గడియారము లేదు. ఆ గడియారము పని మనమే చేయవలయును. అందుకై మేము కోరునది ఒక చేతివ్రాత పుస్తకము, ఒక గోడగడియారము. మార్పు చేయుటకు ముందు 'ఐపీకాన్‌ఫిగ్' అను ఆజ్ఞను 'ఆల్' అను మాటతో నిచ్చినచో యంత్రము తన సంఖ్యలన్నిటిని తెరపై చూపును. వానిని పుస్తకమున వ్రాయవలయును. సంఖ్యలు రూటరు ఇచ్చినవా, చేతితో వ్రాసినవా అనునది కూడ వ్రాయవలయును. చాలమంది మరచునది దీనినే. ఆపైన ఒక్కసారికి ఒక్క సంఖ్యనే మార్చవలయును. మూడు కలిపి మార్చినవానికి ఏది దోషమో తెలియదు. మార్చిన పిమ్మట 'పింగ్' ఆజ్ఞతో మొదట గేట్‌వేను, పిదప 8.8.8.8 వంటి బయటి సంఖ్యను, తుదకు ఒక పేరును పిలిచి చూడవలయును. సంఖ్య పలికి పేరు పలుకనిచో దోషము డి.ఎన్.ఎస్. వద్దనే యున్నదని సామాన్యముగా గ్రహింపవచ్చును. 10 నిమిషములు గడచినను కుదరనిచో చర్చలు మాని పుస్తకము చూచి పాతసంఖ్యలనే వ్రాయవలయును. చర్చ తరువాత చేసికొనవచ్చును. ఇంకొక్క నిమిషము, ఇంకొక్క ప్రయత్నము అనుచు పంతము పట్టుటయే ఈ విషయమున పెద్ద శత్రువు. అది పిల్లలకంటె పెద్దలకే ఎక్కువ.

పుస్తకమేల, కంప్యూటరునందే వ్రాసికొనరాదా యని పిల్లలడుగుదురు. తాళపుచెవిని పెట్టెలోనే పెట్టి పెట్టెకు తాళము వేయుదురా? రూటరు స్థితిని ఒక ఫైలుగా దాచుకొను వసతి చాల రూటర్లలో కలదు, అది చేయవలసినదే. కాని దానిని పెన్‌డ్రైవులో వేరుగా నుంచవలయును. పహణీలో పేరు తప్పుపడినపుడు పాతకాగితమును పెట్టెలో దాచుకొన్న రైతునకును దాచుకొనని రైతునకును కలుగు భేదమును తల్లిదండ్రులు ఎరుగుదురు.

ఇక తల్లిదండ్రుల సందేహములు. 'మా పిల్లలు రిపేరు పని నేర్చుటకు వచ్చిరా?' అని కొందరడిగిరి. రిపేరు పని చిన్నతనమని మేము తలపము. ఆ మాట యటుండనిండు. మన పిల్లలు పదవతరగతి తెలుగు మాధ్యమమున చదివి, పి.యు.సి.కి కన్నడమో ఇంగ్లీషో మాధ్యమముగా గల కళాశాలలకు పోవుదురు. అచ్చట వారికి భాష యొక భయము. దానికి తోడు ఈ యంత్రమును ముట్టిన చెడునేమో యను భయమును మనమే మూటగట్టి పంపుచున్నాము. రెండు భయములతో పోయినవాడు వెనుక బల్లమీదనే కూర్చుండును. వానికి తెలివి లేక కాదు, మరలు దారి తెలియక. చెడినదానిని బాగుచేసికొనగలనను నమ్మకముగల పిల్ల పరభాషలోనైనను చేయి ముందుకు చాపును. ఈ లాభము ముందర రెండు గంటల నెట్టు పోయిన నష్టమెంత?

పిల్లలు ఈ పేరుతో కూడని పుటలకు దారి తెరతురను సందేహము న్యాయమైనది. రూటరు రహస్యపదమును పిల్లలకు ఇయ్యరాదు. దానిని కవరులో మూసి ప్రధానోపాధ్యాయుల బీరువాలో నుంచవలయును. పుస్తకమునందు కూడ రహస్యపదములను వ్రాయరాదు. యంత్రముల సంఖ్యలను ఉపాధ్యాయుడు ప్రక్కన నిలిచియున్నపుడే మార్చవలయును. ఏ దినము, ఏ యంత్రము, ఎవరు, ఏల అను గడులు పుస్తకమున నుండును. ముట్టరాదను కాగితము దొంగతనముగా ముట్టుటను ఆపలేదు. పేరు వ్రాసి ముట్టుమనుట కొంతవరకు ఆపును.

ఆ పుస్తకమును ఏ భాషలో వ్రాయవలయునను ప్రశ్న మా మనస్సున చాల దినములు మెదలినది. మేము శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అచ్చట తెలుగున వ్రాసిన పద్దును గదిలోనికి వచ్చినవా రెవరైనను చదువుదురు. ఇచ్చట అట్లు కాదు. వ్రాయు పిల్లవానిది తెలుగు. బాగుచేయ వచ్చువానిది కన్నడము కావచ్చును. తెర చూపునది ఇంగ్లీషు. చదువలేనివానికి పద్దు లేనట్లే. అందుచే గడుల శీర్షికలను తెలుగునను కన్నడమునను ప్రక్కప్రక్కన వ్రాయింప దలచితిమి. 'గేట్‌వే' వంటి మాటలను రెండు లిపులలోను అట్లే యుంచుదుము. సంఖ్యలు అందరివి. కారణమును మాత్రము పిల్లలు తమ తెలుగులోనే, తమకు తోచిన మాటలలోనే వ్రాయవలయును. ఏల మార్చితినో సొంత మాటలలో చెప్పలేనివాడు ఏల మార్చినాడో వానికే తెలియదు.

రెండవ ద్వారము సంగతి మిగిలినది. మార్పులు చేయు దినమున గదిలోని నెట్టు పూర్తిగా పోయినను బయటివారిని అడిగి తెలిసికొనుటకు వేరొక దారి కావలయును. ఒక ఫోను హాట్‌స్పాటు చాలును. కాని ఆ ఫోనులోని సిమ్ము గదికి నెట్టు ఇచ్చు కంపెనీది కాక వేరొక కంపెనీది కావలయును. కావున వేరు కంపెనీ సిమ్ము గల తల్లియో తండ్రియో శనివారము బడి విడిచిన పిమ్మట వచ్చి, పిల్లలు పుస్తకము వ్రాయుచు మార్పులు చేయునంతసేపు, ఒక గంట గదిలో కూర్చుండవలయునని కోరుచున్నాము. రాదలచినవారు తమ పేరును, సిమ్ము ఏ కంపెనీదో అదియు చీటిపై వ్రాసి పిల్లలచేత పంపుదురు గాక.